అగ్గువ బండికి పిరం ఇంజను

ఇంజను పోయిన కారు అగ్గువకు వస్తున్నదంటే కొనాలా, వద్దా? మా ఇంట్లో ఈ మధ్య పదిహేను రోజులు ఇదే ముచ్చట నడిచింది. మా ఒక్క ఇంటిదే అయితే రాసేదాన్ని కాదు. మేడిపల్లి నుంచి ఇటు కోరుట్ల దాకా, అటు జగిత్యాల, సిరిసిల్ల దాకా ఎవరింటికి వెళ్లినా ఇలాంటి బండి ముచ్చట ఒకటి వినిపిస్తూనే ఉంటుంది. కొనేటప్పుడు మాట్లాడేది మగవాళ్లు. తర్వాత నెలనెలా కిస్తీ సర్దేది ఎక్కువగా మనం. కాబట్టి ఇది మనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతే.

మన దిక్కు ఇన్ని పాత కార్లు ఎక్కడివి అంటే సగం జవాబు గల్ఫ్‌లో ఉంది. దుబాయ్ నుంచో, సౌదీ నుంచో, మస్కట్ నుంచో రెండు నెలల సెలవు మీద వచ్చిన పిల్లవాడు ఇంటి ముందర ఒక కారు ఉండాలని కొంటాడు. కొండగట్టుకు తీసుకుపోయి పూజ చేయిస్తాడు. సెలవు అయిపోగానే బండిని తమ్ముడికో, బామ్మర్దికో అప్పజెప్పి విమానం ఎక్కుతాడు. ఆ బండి కొన్నాళ్లు చుట్టాలందరి పెళ్లిళ్లకూ తిరుగుతుంది. ఆ తర్వాత రేకుల కింద నిలబడిపోతుంది. నిలబడ్డ బండికి బ్యాటరీ దిగుతుంది, టైర్లు పగులుతాయి, రబ్బరు పైపులు ఎండిపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఒకరోజు ఎవరికో అర్జెంటు పని పడుతుంది. నీళ్లు చూడరు, ఆయిల్ చూడరు, తాళం తిప్పి బయలుదేరుతారు. దారిలో వేడి ముల్లు పైకి పోతున్నా "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని పోనిస్తారు. ఆ పది కిలోమీటర్లలోనే ఇంజను పట్టేస్తుంది.

మాకు వచ్చిన బండి కథ ఇంచుమించు ఇదే. మా ఆయన మేనమామ కొడుకుది. 2013 మోడల్ డీజిల్ కారు, పాత కరీంనగర్ జిల్లా నంబరు, ఏపీ 15. ధర్మపురి దారిలో ఆగిపోతే తాడు కట్టి షెడ్డుకు తెచ్చారు. "అక్కా, బాడీ మొత్తం మంచిగుంది, సీట్లు కొత్తగున్నయి, ఇంజనొక్కటే. లక్షన్నరకు తీసుకోండ్రి, బయటోళ్లకు ఎందుకిచ్చుడు" అన్నాడు. "ఇంజనొక్కటే" అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇల్లు బాగుంది, పునాదే లేదు అన్నట్టుంది.

మా ఆయన వాదన కూడా తీసిపారేసేది కాదు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్టు ఎక్కలేదు. డాక్టర్ దగ్గరికి కరీంనగర్ పోవాలంటే ప్రతిసారీ కిరాయి కారే. "మంచిగ నడుస్తున్నది అని కొన్న పాత బండిల గూడ లోపల ఏముందో మనకు తెలుసా? దీని రోగం ముందే తెలిసింది. తెలిసిన రోగానికి మందు వేసుకుంటే అయిపాయె" అన్నారు. వినడానికి ఇది చాలా సబబైన మాట. చాలా ఇళ్లలో బేరం ఈ మాట మీదే కుదురుతుంది. అందుకని దీన్నే ముందు విడదీసి చూద్దాం.

రోగం తెలిసింది నిజమే. కానీ మందు ఖర్చు తెలియదు. షెడ్డులో ఎవరిని అడిగినా ఒక్కటే మాట, "విప్పితే గాని తెలువది." వేడెక్కి పట్టేసిన ఇంజనులో హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోయి ఉండొచ్చు, హెడ్ వంగి ఉండొచ్చు, పిస్టన్లు గీసుకుపోయి ఉండొచ్చు, క్రాంక్ దెబ్బతిని ఉండొచ్చు. మొదటిది వేలల్లో పోతుంది, చివరిది లక్ష దాటుతుంది. విప్పే కూలి కూడా కొన్నవాళ్లే ఇవ్వాలి, అమ్మేవాళ్లు ఇవ్వరు.

ఇంకో సంగతి, రోగం తెలిసిందేమో గాని రోగం ఎందుకు వచ్చిందో తెలియదు. రేడియేటర్ కారిందా, ఫ్యాన్ తిరగలేదా, వాటర్ పంపు పోయిందా, ఆయిలే లేకుండా నడిపారా? ఆ కారణం పట్టుకోకుండా కొత్త ఇంజను పెడితే, మొదటిదాన్ని చంపిందే రెండోదాన్నీ చంపుతుంది. ఈ ప్రశ్న నేను అడిగితే తమ్ముడి దగ్గర జవాబు లేదు. అబద్ధం చెప్పాడని కాదు. ఆ రోజు బండి నడిపింది అతను కాదు, అతనికీ తెలియదు.

మెకానిక్‌లు చెప్పే దారులు మూడు. ఒకటి, ఉన్న ఇంజనునే దించి, బోరు పని చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయడం. దీనికి లేత్ పని ఉంటుంది, రోజులు పడతాయి, చేతి పని మీద అంతా ఆధారపడి ఉంటుంది. రెండు, యాక్సిడెంట్ అయిన బండి నుంచో, తుక్కుకు పోయిన బండి నుంచో తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజను పెట్టడం. ఇది అన్నిటికంటే తొందరగా అయ్యే పని. కానీ ఆ ఇంజను ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే సాక్ష్యం ఏదీ దాని మీద ఉండదు. మీటరు ఉండేది డ్యాష్‌బోర్డులో, ఇంజను మీద కాదు. మూడు, కంపెనీ నుంచి కొత్త ఇంజను తెప్పించడం. పాత బండికి అంత పెట్టడం కంటే ఆ డబ్బుతో ఇంకో బండి చూసుకోవచ్చు.

మేము ఇద్దరు మెకానిక్‌లను అడిగాం. సెకండ్ హ్యాండ్ ఇంజను బిగింపుతో కలిపి 85 వేలు అని ఒకరు, పూర్తి ఇంజను పని 1 లక్షా 10 వేలు అని ఇంకొకరు చెప్పారు. నేను పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకున్నాను. పెళ్లి ఖర్చు, ఇంటి ఖర్చు, బండి ఖర్చు చెప్పినదానికంటే తగ్గిన ఇల్లు నేను చూడలేదు.

కాగితం మీద ఇట్లా వేశాను. బండికి 1,50,000. ఇంజనుకు 1,10,000. నాలుగు టైర్లకు 18,000. బ్యాటరీకి 6,000. మొత్తం 2,84,000. ఇన్సూరెన్సు, పేరు మార్పు ఖర్చులు ఏ బండి కొన్నా ఉండేవే కనుక వదిలేశాను. ఇంజను దించినప్పుడే క్లచ్ ప్లేట్లు మార్చమంటారు, డీజిల్ బండి కనుక ఇంజెక్టర్లు, టర్బో కూడా చూడమంటారు. అవీ వదిలేశాను. అదే ఏడు, అదే మోడల్, నడుస్తున్న బండి జగిత్యాల కన్సల్టెన్సీలో 3 లక్షలు చెబుతున్నారు, బేరం వేరే. అంటే ఇంత రిస్కు నెత్తిన పెట్టుకుంటే మిగిలేది 16 వేలు. లోపల ఇంకో సామాను పోయిందని తేలితే ఆ పదహారూ లేవు.

"మరి ఎంతకు వస్తే కొనొచ్చు?" అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. నడిచే బండి ధర 3 లక్షల్లోంచి ఇంజను, టైర్లు, బ్యాటరీ 1,34,000 తీసేస్తే 1,66,000. విప్పాక బయటపడే వాటికి 40 వేలు పక్కన పెడితే 1,26,000. ఇంజను మారిన బండిని మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు ఆ మాట ఎత్తి ధర తగ్గిస్తారు. దానికి పాతిక వేలు తీస్తే లక్ష. కాబట్టి లక్ష దాటితే ఆ బండి అగ్గువ కాదు. ఇవి మా అంకెలు. మీ బండికి మీ అంకెలు వేరే ఉంటాయి. కానీ తీసివేతలు ఇవే, వరస ఇదే.

కొత్త బళ్ల ధర కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. కొత్తవాటి ధర దిగినప్పుడు పాతవాటి ధర అక్కడే నిలబడదు. రెండేళ్ల కింద విన్న ధర పట్టుకుని "బయట దీనికి నాలుగు లక్షలు ఉంది" అనేవాళ్ల మాట ఇవాళ చెల్లదు.

తర్వాత బండి వయసు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. 2013 బండికి 2028లో నిండుతాయి. ఆ తర్వాత బండిని చూపించి, ఫీజు కట్టి, గ్రీన్ టాక్స్ కట్టి రెన్యువల్ చేయించుకోవాలి, అది ఐదేళ్లకు. అంటే లక్ష పెట్టి ఇంజను వేయించిన బండికి కొద్ది రోజుల్లోనే ఇంకో పరీక్ష ఉంటుంది. ఇంజను కొత్తదైనా ఆర్సీ మీద బండి వయసు తగ్గదు.

కాగితాల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు గాని నాకు అన్నిటికంటే భయం అక్కడే. ఆర్సీలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ ఉంటాయి. ఇన్సూరెన్సు పాలసీలోనూ అవే. వేరే ఇంజను పెడితే నంబరు మారిపోతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఈ మార్పుల గురించే. ముందస్తు అనుమతి లేకుండా ఇంజను మార్చినట్టయితే 14 రోజుల్లోపు ఆర్టీఏ ఆఫీసుకు తెలియజేసి, ఆర్సీ ఇచ్చి, కొత్త వివరం ఎక్కించుకోవాలి. షెడ్డులో ఈ మాట చెబితే "ఎవరు చూస్తరక్కా బానెట్ లేపి" అంటారు. మామూలు రోజుల్లో ఎవరూ చూడరు, నిజమే. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్సు వాళ్లు చూస్తారు. బండి అమ్మే రోజు కొనేవాళ్లు చూస్తారు. ఆ ఇంజను ఏదైనా దొంగ బండిలోది అయితే పోలీసులు చూస్తారు. కాబట్టి సెకండ్ హ్యాండ్ ఇంజను అంటే ముందు అడగాల్సింది దాని బిల్లు, అది ఏ బండిలోదో ఆ బండి ఆర్సీ కాపీ. అవి లేని ఇంజను ఎంత అగ్గువకు వచ్చినా వద్దు.

ఇన్సూరెన్సు ఉంది కదా, ఇంజను ఖర్చు వాళ్లే ఇస్తారేమో అని మా పక్కింటి వదిన అడిగింది. మామూలు పాలసీల్లో యాక్సిడెంట్ నష్టం ఉంటుంది గాని, అరిగిపోయి, వేడెక్కి ఆగిపోయిన ఇంజను ఖర్చు ఉండదు. పేరు మార్పు సంగతి కూడా అంతే. పాత బండి కొన్నప్పుడు ఇన్సూరెన్సు మన పేరుకు మార్చమని 14 రోజుల్లోపు, ఆర్సీ మార్చమని 30 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు కావాలి. ఓనరు గల్ఫ్‌లో ఉంటే ఆ సంతకం ఎవరు చేస్తారు? బండి మీద ఫైనాన్సు ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ, ఫారం 35 ఏవి? మన ఊళ్లలో ఎన్నో బళ్లు ముగ్గురు నలుగురి చేతులు మారినా ఆర్సీ మాత్రం మొదటివాళ్ల పేరు మీదే ఉంటుంది. ఫారాల మీద ముందే సంతకాలు పెట్టించి సొరుగులో దాచుకుంటే అది మన బండి కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. డబ్బు ఎక్కడిది?

మన ఇళ్లలో కారు కొనే డబ్బు ఒక్క దగ్గర ఉండదు. కొంత చిట్టి ఎత్తుతారు, కొంత గల్ఫ్ నుంచి అడుగుతారు, తక్కువ పడ్డదానికి ఇంటావిడ వైపు చూస్తారు. "నీ సంఘంల లోన్ వస్తది కదనే" అంటారు. సంఘం అప్పయినా, స్త్రీనిధి అప్పయినా ఆడమనిషి పేరు మీద వస్తుంది. ఒక్కరు కట్టకపోతే పదిమంది ముందర తల దించుకోవాలి, మిగతావాళ్లకు రావాల్సిన అప్పుకూ అడ్డం పడుతుంది. ఆ కిస్తీలు బీడీలు చేసిన పైసల్లోంచో, పాలు అమ్మిన పైసల్లోంచో, కుట్టు మిషను మీద వచ్చిన వాటిలోంచో పోతాయి. బండి ఆర్సీ మాత్రం మగవాళ్ల పేరు మీద ఉంటుంది. అప్పు ఒకరిది, బండి ఇంకొకరిది.

నడిచే బండికైతే ఈ అన్యాయం కొంత కప్పబడుతుంది, కనీసం బండిలో మనమూ ఎక్కుతాం. ఇంజను పోయిన బండి విషయంలో రెండు బిల్లులు ఉంటాయి. మొదటి బిల్లు బండి కొన్న రోజు. దానికి డబ్బు ముందే చూసి పెట్టుకుంటారు, స్వీట్లు కూడా పంచుతారు. రెండో బిల్లు ఇంజను దించిన తర్వాత వస్తుంది. అప్పటికి చేతిలో పైసలు ఉండవు, బండి సగం విప్పి ఉంటుంది, వెనక్కి ఇవ్వడానికి లేదు. ఆ సమయంలో ఇంట్లో మిగిలేది మన మెడలోని బంగారం, మన సంఘం పుస్తకం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ దాణా ఎవరు పెడతారో గుర్రాన్ని కొనేముందే తేలాలి.

అందుకే నా అభిప్రాయం ఇది. ఇంజను పోయిన బండి కొనాలా వద్దా అనేది మెకానిక్ ఒక్కరితో తేలదు. రెండో బిల్లు కట్టే మనిషి అందులో కూర్చోవాలి, ఆ మనిషి ఒప్పుకుంటేనే కొనాలి. "ఆడవాళ్లకు ఇంజను గురించి ఏం తెలుసు" అంటారు. ఇంజను గురించి తెలియాల్సిన పని లేదు. విప్పితే గాని తెలియని ఖర్చు మీద అప్పు చేయకూడదని ఇల్లు నడిపే ప్రతి మనిషికీ తెలుసు.

ఇక అవసరం. కారు మాకు ఏడాదిలో ఎన్ని రోజులు కావాలో పుస్తకంలో చూశాను. కిందటేడు కిరాయి కార్లకు ఇచ్చింది 26 వేలు. అత్తమ్మ ఆస్పత్రులు, రెండు పెళ్లిళ్లు, ఒక చావు, వేములవాడ ఒకసారి. మిగతా తిరుగుడంతా బస్సులోనే. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. జగిత్యాలకో, కోరుట్లకో నేను పోయి రావడానికి ఆధార్ కార్డు చాలు. రాత్రి పూట ప్రాణం మీదికి వస్తే 108 ఉంది. ఏడాదికి 26 వేల అవసరానికి దగ్గర దగ్గర మూడు లక్షలు పెట్టడం, దాని మీద ఇన్సూరెన్సు, డీజిల్, సర్వీసింగ్ ఖర్చు వేరే. ఇంటి ముందర కారు ఉండాలన్న కోరిక తప్పని నేను అనను, నాకూ ఉంది. కానీ అది కోరిక, అవసరం అని పేరు మార్చి లెక్క వేయకూడదు. అత్తమ్మ నొప్పి నిజమే. ఆమెకు కావాల్సింది డాక్టర్ దగ్గరికి పోయే రోజున ఆగకుండా నడిచే బండి, రెండు నెలలు షెడ్డులో ఉండేది కాదు.

అయితే ఇలాంటి బండి ఎప్పుడూ కొనవద్దని నేను చెప్పను. మెకానిక్ పని తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉంటే, బండి చరిత్ర మొత్తం తెలిస్తే, ఇంజను ఎందుకు పోయిందో కారణం దొరికితే, ధర పైన చెప్పిన తీసివేతల్లో నిలబడితే, డబ్బు అప్పుది కాకుండా చేతిలోది అయితే కొనొచ్చు. బాడీ గట్టిగా ఉన్న బండికి మంచి చేతితో, కాగితాలున్న ఇంజను పడితే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇవన్నీ కలవడం అరుదు.

వీటన్నిటికంటే తేలికైన దారి ఇంకోటి ఉంది. ఇంజను అమ్మేవాళ్లనే వేయించమనడం. ఇంజను వేయించి, ఆర్సీలో నంబరు ఎక్కించి, బండి స్టార్ట్ చేసి చూపిస్తే నడిచే బండి ధర ఇస్తామనాలి. చల్లగా ఉన్నప్పుడు మన ముందరే స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్ల పొగ ఆగకుండా వస్తే నీళ్లు లోపలికి పోతున్నట్టు. ఆయిల్ మూత విప్పితే మూత వెనక మీగడలాగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిసి ఉండొచ్చు, గట్టిగా అనుమానించాలి. ఇవి చూడటానికి చదువు అక్కర్లేదు. మన మెకానిక్‌ను మనం పిలుచుకుని, జగిత్యాల దాకా ఒకసారి నడిపి చూసి, షెడ్డువాళ్ల నుంచి ఇన్ని నెలల గ్యారంటీ అని కాగితం రాయించుకోవాలి. "ఇంజనొక్కటే" అన్నవాళ్లు అది చిన్న పనే అని నమ్మితే వాళ్లే చేయించొచ్చు. చేయించడానికి వాళ్లు ఎందుకు వెనకాడుతున్నారో ఆలోచిస్తే మన జవాబు మనకు దొరుకుతుంది.

చుట్టరికం సంగతి కూడా చెప్పాలి. బయటివాళ్ల దగ్గర కొన్న బండి ఆగితే బండితోనే పోతుంది. చుట్టాల దగ్గర కొన్నది ఆగితే పండుగకు రాకపోకలు ఆగుతాయి. "మోసం చేసిండు" అని ఒకరు, "చూసుకునే తీసుకున్నరు కదా" అని ఒకరు, ఏళ్ల తరబడి మాటలుండవు. తమ్ముడికి నేను ఫోన్‌లో చెప్పింది ఇదే. "ఇంజను వేయించి, కాగితాలు సరిచేసి చెప్పు తమ్మీ, అప్పుడు బావ వచ్చి చూస్తడు. లేదంటే తుక్కు ధర ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకు ఇయ్యి, మా కోసం ఆగకు." కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. మూడు లక్షల గొడవ కంటే ఈ చిన్నబుచ్చుకోవడం నయం.

మా ఇంట్లో ప్రస్తుతానికి తేలింది ఇది. దసరాకు చిట్టి వస్తుంది. అప్పటిదాకా అత్తమ్మకు కిరాయి కారే. చిట్టి డబ్బుకు మించకుండా, పెట్రోలుదైనా చిన్నదైనా సరే, నడుస్తున్న బండి చూస్తాం. సంఘం అప్పు ముట్టుకోం. ఆర్సీ ఎవరి పేరు మీద అన్నదానికి మా ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. చిట్టి నా పేరు మీద ఉంది, బండి కూడా నా పేరు మీదే ఉండాలని నేను మాత్రం చెప్పేశాను.